పేరు చెప్పకముందే తీర్పు చెప్పగలమా?

2018 ఆగస్టులో బ్రిటన్ పత్రికల నిండా ఒక పుష్పగుచ్ఛం గొడవే. అప్పటి ప్రతిపక్ష లేబర్ పార్టీ నాయకుడు జెరెమీ కార్బిన్ అంతకు నాలుగేళ్ల ముందు ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో, ఒక శ్మశానంలో జరిగిన సంస్మరణ కార్యక్రమానికి వెళ్లారు. 1985లో ఇజ్రాయెల్ విమాన దాడిలో చనిపోయిన వారికి నివాళి అర్పించడానికి వెళ్లానని ఆయన చెప్పారు. అయితే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 11 మంది ఇజ్రాయెల్ క్రీడాకారులను, శిక్షకులను బలిగొన్న కుట్రతో సంబంధం ఉందని చెప్పే వారి సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. పుష్పగుచ్ఛం ఏ సమాధి మీద పెట్టారన్న ప్రశ్నకు ఆయన సూటిగా జవాబు చెప్పలేకపోయారు. పెట్టినప్పుడు అక్కడే ఉన్నాను గాని, అందులో నా పాత్ర ఉందనుకోను అన్నట్టు మాట్లాడారు. ఆ తడబాటు ఆయన ప్రత్యర్థులకు చాలింది. ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు కూడా ఆయన్ని ఖండించారు. రోజుల తరబడి అదే చర్చ నడిచింది.

ప్రశ్న అడగడంలో తప్పు లేదు. ప్రధానమంత్రి కావాలనుకునే మనిషి ఎవరి సమాధి దగ్గర తల వంచాడో తెలుసుకునే హక్కు ప్రజలకు ఉంది. మ్యూనిక్‌లో చనిపోయిన వారి కుటుంబాలకు ఆ హక్కు ఇంకా ఎక్కువ ఉంది.

సరిగ్గా అదే వారంలో, ఆగస్టు 9న, యెమెన్ ఉత్తర ప్రాంతమైన సాదాలో ఒక బస్సు మీద బాంబు పడింది. అందులో ఉన్నది విహారయాత్రకు బయల్దేరిన బడిపిల్లలు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ లెక్క ప్రకారం చనిపోయిన వారిలో 40 మంది పిల్లలే. బాంబు వేసింది సౌదీ అరేబియా నాయకత్వంలోని కూటమి. ఆ బాంబు అమెరికాలో తయారైనదని తర్వాత వార్తలు వచ్చాయి. అదే సౌదీ వైమానిక దళానికి యుద్ధ విమానాలు, బాంబులు అమ్మే మరో పెద్ద దేశం బ్రిటన్. ఆ ఏడాది మార్చిలోనే సౌదీ యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ లండన్ వచ్చారు. రాణిగారి భవనంలో విందు జరిగింది. ప్రధాని థెరిసా మే స్వాగతం పలికారు. లండన్ వీధుల్లో ఆయన్ని పొగుడుతూ పెద్ద పెద్ద ప్రకటన బోర్డులు వెలిశాయి. ఆయన తిరుగు ప్రయాణం కట్టే వేళకు 48 టైఫూన్ యుద్ధ విమానాల అమ్మకానికి ప్రాథమిక అంగీకారం కుదిరింది.

బస్సు వార్త బ్రిటన్ పత్రికల్లో రాలేదని కాదు, వచ్చింది. ఆ పిల్లల ఫొటోలూ వచ్చాయి. రానిది మరొకటి. నాలుగేళ్ల కిందటి పుష్పగుచ్ఛం దగ్గర ఎవరెవరు నిలబడ్డారో ఫొటోలు పెద్దవి చేసి చూసిన కళ్లు, అయిదు నెలల కిందటి విందులో ఎవరెవరు కూర్చున్నారో అంత పట్టుదలగా చూడలేదు. ఒకరి విదేశీ మిత్రులు కుంభకోణం అయ్యారు. మరొకరి విదేశీ మిత్రులు దౌత్యం అయ్యారు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఈ వ్యాసంలో నా బాధ కుండ గురించి కాదు. కుండ పగిలినప్పుడు ఒలికింది నీళ్లు కాదు, మనుషుల రక్తం. కొట్టింది అత్తా కోడలా అన్న తగువులో ఆ రక్తాన్ని ఎవరూ చూడటం లేదు.

ఒక పాత స్నేహం

ఇది 2018లో మొదలైన జబ్బు కాదు. 1973 సెప్టెంబరు 11న చిలీ దేశంలో సైన్యాధిపతి అగస్టో పినోచే, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని కూలదోశాడు. ఆయన పాలనలో 3,000 మందికి పైగా చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారని ఆ దేశపు అధికారిక విచారణ సంఘాలే తేల్చాయి. చిత్రహింసలు అనుభవించిన వారు పదుల వేలల్లో ఉన్నారు.

వారిలో క్రైస్తవులూ ఉన్నారు. ఇంగ్లిష్ తండ్రికి పుట్టి పేదల మధ్య పనిచేసిన మైఖేల్ వుడ్‌వర్డ్ అనే కతోలిక గురువును సైనిక తిరుగుబాటు జరిగిన కొద్దిరోజులకే పట్టుకుపోయి, వాల్‌పరైసో రేవులోని నౌకల మీద హింసించారు. ఆయన బతకలేదు. 1975లో షీలా కాసిడీ అనే బ్రిటిష్ వైద్యురాలు, తుపాకీ గాయంతో ఉన్న ఒక ప్రభుత్వ వ్యతిరేకికి వైద్యం చేశారు. ఆ నేరానికి ఆమెను అరెస్టు చేసి చిత్రహింసలు పెట్టారు. అప్పటి బ్రిటన్ ప్రభుత్వం తన రాయబారిని వెనక్కి పిలిపించింది. 1976లో కార్డినల్ రౌల్ సిల్వా హెన్రీకెస్ బాధిత కుటుంబాల కోసం సంఘం తరఫున ఒక కార్యాలయమే తెరిచారు. కనిపించకుండా పోయిన వారి పేర్లు, తేదీలు, సాక్ష్యాలు అక్కడ ఒక్కొక్కటిగా నమోదయ్యాయి. ఆ కాగితాలే తర్వాత కోర్టుల్లో నిలబడ్డాయి.

1979లో మార్గరెట్ థాచర్ ప్రధాని అయ్యారు. 1980లో ఆమె ప్రభుత్వం చిలీకి మళ్లీ రాయబారిని పంపింది, ఆయుధాల అమ్మకంపై ఉన్న నిషేధాన్ని ఎత్తేసింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పినోచే బ్రిటన్‌కు సాయం చేశాడు. స్నేహం గట్టిపడింది. 1998 అక్టోబరులో ఒక స్పెయిన్ న్యాయమూర్తి కోరిక మీద లండన్‌లో పినోచే అరెస్టయినప్పుడు, 1999 మార్చిలో థాచర్ స్వయంగా ఆయన గృహనిర్బంధంలో ఉన్న ఇంటికి వెళ్లారు. టీవీ కెమెరాల ముందే, యుద్ధకాలపు సాయానికి, చిలీకి ప్రజాస్వామ్యం తెచ్చినందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పారు.

దీన్ని విమర్శించిన పత్రికలు ఉన్నాయి. అయితే కార్బిన్‌కు హమాస్ మాట మెడకు చుట్టుకున్నట్టు, థాచర్‌కు పినోచే మాట చుట్టుకోలేదు. కార్బిన్ 2009లో ఒక సభ గురించి చెబుతూ హమాస్, హెజ్‌బొల్లా ప్రతినిధులను మిత్రులు అన్నారు. 2016లో పార్లమెంటు సంఘం ముందు ఆ మాట వాడినందుకు విచారం వ్యక్తం చేశారు. అయినా ప్రతి ఎన్నికలో అది ఆయన ముందుకు వచ్చింది. రావడం న్యాయమే. హమాస్ ఆత్మాహుతి దాడుల్లో బస్సుల్లో, హోటళ్లలో చనిపోయిన వారికి మిత్రులు అనే మాట చిన్నది కాదు. కాని థాచర్ ఎన్నడూ విచారం వ్యక్తం చేయలేదు. 2013లో ఆమె చనిపోయినప్పుడు దేశం సైనిక లాంఛనాలతో వీడ్కోలు పలికింది. ఆ రోజుల్లో ఆమెను దేశభక్తికి గురుతుగా చూపిన పత్రికలు చాలావరకు, తర్వాత కార్బిన్‌ను ఉగ్రవాదుల మిత్రుడని రాసిన పత్రికలే.

అటు ఒక్కరే దోషులా?

ఇంతవరకూ చదివి, ఇది కార్బిన్ తరఫు వకాల్తా అని ఎవరైనా అనుకుంటే కాస్త ఆగాలి.

2009 నుంచి 2012 వరకు కార్బిన్ ఇరాన్ ప్రభుత్వానికి చెందిన ప్రెస్ టీవీ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. అందుకు 20,000 పౌండ్ల వరకు పారితోషికం తీసుకున్నారు. అదే చానల్, మజియార్ బహారీ అనే జర్నలిస్టు జైల్లో ఉన్నప్పుడు బలవంతంగా చెప్పించిన మాటలను ఇంటర్వ్యూ పేరుతో ప్రసారం చేసింది. బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ దానికి జరిమానా వేసింది. 2012 జనవరిలో చానల్ లైసెన్సే రద్దయింది.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఇరాన్‌లో యూసెఫ్ నదర్ఖానీ అనే పాస్టరు జైల్లో ఉన్నారు. మతం వదిలాడన్న నేరం మీద 2010లో ఆయనకు ఉరిశిక్ష వేశారు. ప్రపంచమంతా ఒత్తిడి చేశాక 2012 సెప్టెంబరులో విడుదల చేశారు. పినోచేను తలచుకుని ఇప్పటికీ మండిపడే వామపక్ష పత్రికల్లో, ఆ పాస్టరును ఉరి తీయాలన్న ప్రభుత్వపు డబ్బు మన నాయకుడు ఎలా తీసుకున్నాడు అని అడిగిన గొంతులు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అక్కడ కూడా మన అనే మాట నోరు నొక్కేసింది.

అమెరికాలో ఇదే ఆట మరింత పచ్చిగా సాగింది. 2009 ఏప్రిల్‌లో లండన్ సమావేశంలో ఒబామా సౌదీ రాజు ముందు వంగాడని కుడిపక్ష చానళ్లు గగ్గోలు పెట్టాయి. 2017 మేలో ట్రంప్ రియాద్‌లో సౌదీ రాజు చేతి నుంచి బంగారు పతకం వేయించుకోవడానికి వంగినప్పుడు వాటికి అది మర్యాదగా కనిపించింది. 2007లో ఒబామా, ఉత్తర కొరియాతో సహా శత్రుదేశాల అధినేతలతో షరతులు లేకుండా మాట్లాడతానంటే అమాయకత్వమన్నారు. 2018 జూన్‌లో ట్రంప్ సింగపూర్‌లో కిమ్ జోంగ్ ఉన్ చెయ్యి కలిపితే అది చరిత్ర అయింది. ఎదుటి పక్షమూ తక్కువ తినలేదు. మాట్లాడుకోవడమే శాంతికి దారి అని ఒబామా కాలంలో చెప్పినవారిలో కొందరు, ట్రంప్ మాట్లాడగానే నియంతకు గౌరవం కట్టబెట్టాడన్నారు. జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీ హత్య తర్వాత సౌదీని వెలివేయాలన్నంత మాట అన్న బైడెన్, 2022 జూలైలో జెడ్డా వెళ్లి అదే యువరాజుతో పిడికిలి కలిపారు. అప్పుడు చమురు ధరల లెక్కలు చెప్పి సమర్థించినవారు, ట్రంప్ ఆయుధాల అమ్మకం లెక్కలు చెప్పినప్పుడు అసహ్యించుకున్నవారే.

ఈ మొత్తంలో మారనిది ఒక్కటే. ఉత్తర కొరియాలో బైబిల్ దగ్గర ఉంచుకున్నందుకు శిబిరాలకు పోయినవారు, యెమెన్‌లో బస్సెక్కిన పిల్లలు, ఇరాన్‌లో ఇంట్లో ప్రార్థన చేసుకున్నవారు. చేతులు కలిపిన మనిషి పేరు మారినంత మాత్రాన వారి పరిస్థితి మారలేదు.

కోపం ఎలా తయారవుతుంది?

పత్రికలకు ఇంత తేడా ఎందుకు కనిపించదు? కుట్ర అని కొట్టిపారేయడం తేలిక. కాని పనిచేసే తీరు అంతకంటే మామూలుగా ఉంటుంది.

మొదటిది, పాఠకుడికి ఇష్టంలేని మనిషి గురించి కోపం తెప్పించే వార్త త్వరగా అమ్ముడుపోతుంది. పాఠకుడు ఓటు వేసిన మనిషి గురించి అదే వార్త రాస్తే చందా రద్దవుతుంది. రెండోది, అధికారంలో ఉన్నవారి మిత్రులకు గౌరవప్రదమైన పేర్లు సిద్ధంగా ఉంటాయి: వ్యూహాత్మక భాగస్వామి, ప్రాంతీయ స్థిరత్వం, ఉద్యోగాలు. ప్రతిపక్షంలో ఉన్నవారి మిత్రులకు అలాంటి పేర్లు ఉండవు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పేరు ముందు వస్తుంది, పని తర్వాత వస్తుంది. శీర్షికలో పేరు చూడగానే మన మనసు తీర్పు చెప్పేస్తుంది. కింద ఉన్న సంగతి ఆ తీర్పుకు సాక్ష్యంగా మాత్రమే పనికొస్తుంది.

తెలుగు టీవీ చూసేవారికి ఇది కొత్త విషయం కాదు. ఏ చానల్ ఏ పార్టీదో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒకే సంఘటనను రెండు చానళ్లలో చూస్తే రెండు దేశాల్లో జరిగినట్టు ఉంటుంది. బెంగళూరులో, చెన్నైలో, బరంపురంలో, షోలాపూర్‌లో, యానాంలో ఉన్న మనం ఆ తగువులకు కొంచెం దూరంలో ఉన్నాం గనుక నవ్వుకోగలం. బ్రిటన్‌లో, అమెరికాలో ఇంగ్లిష్ పత్రికలు చేసేదీ అదే. మాట తీరు మాత్రం మర్యాదగా ఉంటుంది.

ఆ మాట తప్పించుకోవడానికా?

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. 'మరి వాళ్ల సంగతేమిటి?' అని అడగడం తప్పు చేసినవాడు తప్పించుకునే పాత ఉపాయం కదా?

అవును, చాలాసార్లు అంతే. కార్బిన్‌ను హమాస్ గురించి అడిగితే సౌదీ పేరు చెప్పడం, మేను సౌదీ గురించి అడిగితే హమాస్ పేరు చెప్పడం జవాబు కాదు. అది ఒక శవాన్ని మరో శవంతో కప్పిపెట్టడం. కాని అదే ప్రశ్నను మరోలా కూడా అడగవచ్చు. ఈ పక్షపు మిత్రుడి గురించి అడిగావు, మంచిది. ఇప్పుడు ఆ పక్షపు మిత్రుడి గురించి కూడా అడుగు. మొదటి రకం ప్రశ్న లెక్కలోంచి ఒక బాధితుణ్ణి తీసేస్తుంది. రెండో రకం ఇంకొక బాధితుణ్ణి లెక్కలో చేరుస్తుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. అడిగినవాడు చివరికి ఇద్దరినీ నిలదీశాడా, ఒకరిని వదిలేశాడా అని చూస్తే చాలు.

అన్ని సంబంధాలూ ఒకటే అనడం కూడా న్యాయం కాదు. మాట్లాడటం వేరు, పొగడటం వేరు, ఆయుధాలు అమ్మడం వేరు. ఉత్తర ఐర్లండ్ సంగతి చూడండి. 1984 అక్టోబరులో బ్రైటన్‌లో ప్రధాని దిగిన హోటల్‌ను ఐఆర్‌ఏ పేల్చి అయిదుగురిని చంపింది. రెండు వారాలకే కార్బిన్, ఐఆర్‌ఏ కేసుల్లో శిక్ష అనుభవించిన ఇద్దరిని పార్లమెంటు భవనానికి ఆహ్వానించారు. ఆ సమయంలో ఆ పని చనిపోయిన వారి కుటుంబాలను గాయపరిచింది. దాన్ని ఏ శాంతి మాటా కడిగెయ్యలేదు. అయితే ఐఆర్‌ఏతో మాట్లాడటమే ద్రోహమైతే, 1972లోనే కన్సర్వేటివ్ మంత్రి విలియం వైట్‌లా లండన్‌లో వారి నాయకులను రహస్యంగా కలిశారు. జాన్ మేజర్ ప్రభుత్వం వారితో రహస్య సంబంధాలు నడుపుతోందని 1993లో బయటపడింది. అలాంటి మాటల దారి వెంటే 1998 ఏప్రిల్‌లో, గుడ్ ఫ్రైడే రోజున, ఒప్పందం కుదిరి తుపాకులు చాలావరకు ఆగాయి. కాబట్టి అడగాల్సింది ఎవరిని కలిశావని మాత్రమే కాదు. కలిసి ఏం చెప్పావు, ఏం ఇచ్చావు, ఏం తెచ్చావు అని అడగాలి. 2019 జూన్‌లో లండన్ అప్పీలు కోర్టు అడిగింది ఇలాంటి ప్రశ్నే. యెమెన్‌లో సౌదీ కూటమి అంతకుముందు యుద్ధ నియమాలు ఉల్లంఘించిందో లేదో తేల్చుకోకుండా ఆయుధాల లైసెన్సులు ఇచ్చిన పద్ధతి చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఏడాది తర్వాత ప్రభుత్వం మళ్లీ అమ్మకాలకు తలుపు తెరిచింది.

మన సంఘాల మాటేమిటి?

ఇది పత్రికల రోగం మాత్రమే అయితే మన పత్రికలో ఇంత చోటు అక్కరలేదు. మనకూ అంటింది.

2015 జనవరిలో సౌదీ రాజు అబ్దుల్లా చనిపోయినప్పుడు లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే మీద జెండా సగానికి దించారు. సౌదీలో ఒక్క చర్చి కట్టుకోవడానికి కూడా అనుమతి లేదు. అక్కడ పనిచేసే మన తెలుగు క్రైస్తవులు ఎంతోమంది గదుల్లో గొంతు తగ్గించి పాడుకుంటున్నారు. జెండా దించకపోతే మిత్రదేశాన్ని అవమానించినట్టు అవుతుందని, అందువల్ల ఆ ప్రాంతపు క్రైస్తవులకు మేలేమీ జరగదని అబ్బే సమర్థించుకుంది. జెండాలు దించడాన్ని స్కాట్లండ్ కన్సర్వేటివ్ నాయకురాలు రూత్ డేవిడ్సన్ బహిరంగంగా ఎగతాళి చేశారు. జెండాలు దించమని కోరింది ఆమె పార్టీ నడిపిస్తున్న ప్రభుత్వమే. సొంత గూటిలోంచి వచ్చే ఇలాంటి మాటకు విలువ ఎక్కువ.

హంగరీ ప్రధానిగా ఉండగా విక్టర్ ఓర్బాన్ తనను క్రైస్తవ ఐరోపా రక్షకుడిగా చెప్పుకున్నారు. అది విని మురిసిపోయే క్రైస్తవులు మన దగ్గరా ఉన్నారు. 2018 సెప్టెంబరు 12న, హంగరీలో చట్టపాలన దెబ్బతింటోందని ఐరోపా పార్లమెంటు 448 ఓట్లతో చర్యకు సిద్ధపడింది. బ్రిటన్ కన్సర్వేటివ్ సభ్యుల్లో ఎక్కువమంది ఓర్బాన్ వైపే నిలిచారు. పుష్పగుచ్ఛం గొడవ జరిగి అప్పటికి నెల కూడా కాస్తా కూస్తా దాటిందంతే. ఆ ఓటు మీద అంత దుమారం లేవలేదు. మనకు తెలియాల్సిన సంగతి మరొకటి ఉంది. ఓర్బాన్ పెళ్లికి ఆశీర్వాదం ఇచ్చి, ఆయన మొదటి ఇద్దరు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు గాబోర్ ఇవానీ. మెథడిస్టు సంప్రదాయానికి చెందిన ఆయన సంఘం నిరాశ్రయులకు, పేదలకు సేవ చేస్తుంది. ప్రభుత్వాన్ని విమర్శిస్తుంది. 2011లో తెచ్చిన చట్టంతో ఆ సంఘానికి చర్చి హోదాయే పోయింది. క్రైస్తవ్యాన్ని కాపాడతానన్నవాడి చేతిలోనే ఒక క్రైస్తవ సంఘం గుర్తింపు కోల్పోయింది. మన రక్షకుడు అనుకున్నవాడి మిత్రులనూ, పనులనూ మనం చూడకపోతే నష్టం ముందు మన సొంత సహోదరులకే.

లేఖనం చదివే మనకు ఈ పరీక్ష కొత్తది కాకూడదు. యూదా రాజు యెహోషాపాతు మంచి రాజు. అయినా అహాబుతో చెయ్యి కలిపి యుద్ధానికి వెళ్లి వచ్చినప్పుడు ప్రవక్త ఎదురెళ్లి గద్దించాడు. మన రాజు, దేవుని భక్తుడు, వదిలేద్దాం అనుకోలేదు. అతనిలోని మంచిని దాచలేదు, చేసిన తప్పునూ దాచలేదు. ఆమోసు తన ప్రవచనాన్ని పొరుగు దేశాల నేరాలతో మొదలుపెట్టాడు. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు అని వరసగా పేర్లు చెబుతుంటే ఇశ్రాయేలీయులు తలలు ఊపి ఉంటారు. అదే కొలతతో, అదే గొంతుతో యూదా పేరు, ఆ తర్వాత వారి సొంత పేరు వచ్చింది. అక్కడే అతన్ని దేశం విడిచి పొమ్మన్నారు.

నాతాను చేసింది ఇంకా నేర్పుగల పని. దావీదు దగ్గరికి వెళ్లి పేర్లు లేకుండా కథ చెప్పాడు. ఒక ధనవంతుడు, ఒక పేదవాడు, ఒక గొర్రెపిల్ల. పేరు లేదు గనుక దావీదు న్యాయంగా కోపపడ్డాడు, న్యాయంగా తీర్పు చెప్పాడు. ఆ తర్వాతే పేరు చెప్పాడు ప్రవక్త. నేటి పత్రిక చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. పేరు ముందు చెప్పి, తర్వాత కథ చెబుతుంది. అందుకే మనకు కోపం వస్తుంది గాని న్యాయం రాదు.

యువతకు ఒక మాట

ఈసారి వాట్సాప్‌లో ఒక నాయకుడు ఫలానా విదేశీ నియంతతో నవ్వుతూ దిగిన ఫొటో వచ్చినప్పుడు, పంపేముందు మూడు పనులు చేయండి.

ఒకటి, పేరు తీసేసి చదవండి. మీకు నచ్చిన నాయకుడు అదే పని చేస్తే ఏమంటారో ఆ మాటే ఇక్కడా అనండి. రెండు, అక్కడ జరిగింది మాటలా, పొగడ్తా, డబ్బూ ఆయుధాలా అని తేల్చుకోండి. మాట్లాడినందుకు మండిపడి, ఆయుధాలు అమ్మినదాన్ని వ్యాపారమని వదిలేసే కోపం తలకిందుల కోపం. మూడు, ఆ ఫొటోలో లేనివారిని వెతకండి. ఆ నియంత పాలనలో నలిగిన మనిషి పేరు ఆ పోస్టులో ఎక్కడైనా ఉందా? లేకపోతే అది రాసినవారికి కావలసింది వారి న్యాయం కాదు, వారి కన్నీళ్లతో పార్టీ పని.

మనకు ఇది దూరపు సంగతి కాదు. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో చర్చిలు తగలబడి, పదుల వేలమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నప్పుడు, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అది జాతీయ అవమానమని అన్నారు. ఆ సెప్టెంబరులో ఆయన ఫ్రాన్స్ వెళ్లినప్పుడు ఐరోపా నాయకులు ఆ విషయం ఎత్తారు. వ్యాపార ఒప్పందాల బల్ల మీద కంధమాల్ పేరు వినిపించడం, ఆ శిబిరాల్లో ఉన్నవారికి తమను ఎవరో మనుషులుగా లెక్కవేశారన్న ధైర్యం. ఆ రోజు మనం కోరుకున్నది అదే. చేతులు కలిపేవారు మమ్మల్ని మర్చిపోకూడదు అని.

సాదాలోని తల్లులు, చిలీలో ఆచూకీ లేనివారి భార్యలు, మ్యూనిక్ మృతుల పిల్లలు, ఇరాన్ జైళ్లలోని విశ్వాసులు కోరేదీ అదే. కొనేటప్పుడు ఒక మానిక, అమ్మేటప్పుడు ఒక మానిక వాడే వ్యాపారిని మన ఊళ్లో ఎవరూ నమ్మరు. మన సంఘం మాటకు లోకంలో విలువ ఉండాలంటే, మన దగ్గర ఉండాల్సింది ఒకే మానిక. మొదట దానితో మనవాళ్లకే కొలుద్దాం.